బాగున్న కంప్యూటర్ని బాగుచేశాను

కంప్యూటరు గురించి నేను నేర్చుకున్నదంతా గ్రంథాలయంలోనే. ఆఫీసు అయ్యాక రీడింగ్ రూములో కూర్చుని, ఇంటికివ్వని పెద్ద పుస్తకాలను నోటుపుస్తకంలోకి ఎత్తిరాసుకునేవాణ్ణి. మా ఆఫీసుకు కంప్యూటరు రాకముందే హార్డ్ డిస్కును ఎన్ని భాగాలు చెయ్యవచ్చో నాకు తెలుసు. తీరా అది వచ్చాక మొదటిసారి మౌస్ పట్టుకుంటే, జరుపుతూ జరుపుతూ బల్ల మీంచి కింద పడేశాను. పుస్తకంలో మౌస్ గురించి ఒక్క పేరానే ఉంది మరి.

నాకు ఈ విద్య వచ్చన్న సంగతి, ఈ హిందీవాళ్ళ ఊళ్ళో మేముండే మోవా పేటలో, మా వీధి తెలుగువాళ్ళందరికీ తెలుసు. తెలియజేసింది నేనే.

మా పక్కింట్లో రిటైరైన రైల్వే గార్డుగారు, ఆయన భార్య, కొడుకు, కోడలు ఉండేవారు. శ్రీకాకుళం వైపు వాళ్ళు. కొడుకుదీ రైల్వే ఉద్యోగమే, నెలలో సగం రోజులు ఊరు వదిలి లైన్ డ్యూటీలోనే గడిపేవాడు. కోడలు పెళ్ళయ్యాక ఎం.సి.ఎ.లో చేరింది. అత్తమామలు వద్దనలేదు, సరే అనీ అనలేదు. రెండో ఏడాది ప్రాజెక్టు ఒకసారి గడువు దాటిపోయింది. రెండోసారి కూడా దాటితే చదువు కట్టిపెట్టాలని గార్డుగారు తీర్పు చెప్పేశారు. ఆ రెండో గడువు దసరా వెళ్ళిన శనివారం.

వాళ్ళ కంప్యూటర్లో విండోస్, లైనక్స్ రెండూ ఉండేవి. స్విచ్ వెయ్యగానే నల్లటి తెర మీద ఏది కావాలని అడుగుతుంది. ఒక మాట కొడితే విండోస్ వస్తుంది, అందులో గార్డుగారు పేకాట ఆడుకునేవారు. ఇంకో మాట కొడితే లైనక్స్ వస్తుంది, కోడలి ప్రాజెక్టు అంతా అందులో ఉంది.

పండగ మర్నాడు నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. పదిగంటలకు గార్డుగారి భార్య గుమ్మంలోకి వచ్చింది.

"తమ్ముడూ, మా మెషీన్ ఖరాబైపోనాది. కోడలు కాలేజీకి ఎల్లింది. అది వచ్చేలోగా చాలూ చేసీ, లేపోతే ఏడుస్తాది."

నోటుపుస్తకం, ఆఫీసులో తయారుచేసుకున్న ఫ్లాపీ పట్టుకుని వెళ్ళాను. సిస్టమ్ డిస్కు సరైనది కాదు, మార్చి ఏదో ఒక కీ నొక్కండి అని తెర మీద ఇంగ్లీషులో ఉంది. చూడగానే రోగం తెలిసిపోయింది. రెండు వ్యవస్థలున్న యంత్రాల మీద నేను ఇరవై రెండు పేజీలు ఎత్తిరాసుకున్నాను.

"బావగారూ, ఇది లేవగానే డిస్కు మొదట్లో ఉన్న చిన్న గదిలోకి చూస్తుంది. ఎటు వెళ్ళాలో అక్కడే రాసి ఉంటుంది. ఆ రాత చెడిపోయింది."

"అంటే సిగ్నల్ పడిపోనాదా?"

"సిగ్నల్ కాదండీ, బండిని పట్టాలు మార్చే పాయింట్లు అనుకోండి."

"పాయింట్లు పాడైతే పాయింట్స్‌మన్‌ని పిలుస్తారు గానీ, గుమస్తాని పిలుస్తారేటి?" అన్నారాయన.

నేను పట్టించుకోలేదు. నా ఫ్లాపీ పెట్టబోతే లోపల అప్పటికే ఒకటి ఉంది. లేబుల్ మీద గంధం, కుంకుమ బొట్టు. పండగ కదా అనుకుని, భక్తిగా బయటికి తీసి బల్ల మీద పెట్టాను. నా ఫ్లాపీతో యంత్రాన్ని లేపి, ఆ గదిలోని రాతను చెరిపి కొత్తగా రాసే ఆదేశం, పదిహేడో పేజీలో ఉన్నది, ఒక్క అక్షరం తప్పకుండా కొట్టాను. ఫ్లాపీ తీసేసి మళ్ళీ స్విచ్ వేశాను. విండోస్ వచ్చేసింది, ఏమీ అడగకుండానే. గార్డుగారు పేకాటలో కూర్చున్నారు. నాకు టీ, నిన్నటి గారెలు వచ్చాయి. "చదువంటే ఇదీ," అంది ఆవిడ.

సాయంత్రం నాలుగింటికి మళ్ళీ కబురొచ్చింది. కోడలు కంప్యూటరు ముందు నిలబడి ఉంది.

"బాబాయ్ గారూ, ఇది అడగడం మానేసిందేంటి? సీదా విండోస్‌లోకి పోతోంది."

"ఆ అడిగేదే పాడైందమ్మా. అందుకే తీసేశాను."

ఆమె కుర్చీలో కూలబడింది. "నా ప్రాజెక్టు పూరా అటువైపే ఉంది," అంది. అంతలో బల్ల మీది ఫ్లాపీ కనిపించింది. "ఇదెక్కడ ఉంది?"

"అందులోనే."

"పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కూడా లోపలే ఉందా?"

అప్పుడు అర్థమైంది నాకు. యంత్రం హార్డ్ డిస్కు కంటే ముందు ఫ్లాపీనే చూస్తుంది. అక్కడ మామూలు ఫ్లాపీ ఉంటే పొద్దున చూసిన వాక్యమే చెబుతుంది. ఇది ఆ పుస్తకం మొదటి అధ్యాయంలో ఉండే విషయం. మరీ ప్రాథమికంగా ఉందని ఆ అధ్యాయం నేను వదిలేశాను. రోగాన్ని నా చేత్తోనే తీసి బల్ల మీద పెట్టి, ఆ తరవాత నిక్షేపంలాంటి మనిషికి ఆపరేషన్ చేశానన్నమాట.

వంటింట్లోంచి అత్తగారు కేక వేసింది. "నిన్న పుస్తకాలతోపాటు దాన్నీ అమ్మోరి ముందు పెట్టాను. పొద్దున దాని జాగాలో దాన్ని పెట్టీసాను. ఎక్కడి వస్తువు అక్కడుండాల!"

కోడలు గొంతు తగ్గించింది. "అత్తయ్యకి చెప్పకండి, బాబాయ్ గారూ. పూజ వల్లే ఇలా అయిందంటే, ఇక ఈ మెషీనే ఇంట్లో వద్దంటారు."

చెప్పకపోవడం నాకూ సుఖమే.

లైనక్స్ సీడీ శంకర్ నగర్లో ఆమె స్నేహితురాలి దగ్గర ఉంది. ఆమెను స్కూటర్ మీద నేనే తీసుకెళ్ళాను. పోగొట్టుకున్న పరువు దారిలోనే కొంత రాబట్టుకుందామని, డిస్కు భాగాలు చెక్కుచెదరవనీ, పోయింది దారి చూపే రాత మాత్రమేననీ తల వెనక్కి తిప్పి వివరించడం మొదలుపెట్టాను.

"అది తెలుసు బాబాయ్ గారూ, ముందు రిక్షా చూడండి!"

ఇంటికొచ్చాక సీడీ పెట్టింది. ఒక ఆదేశం కొట్టింది. లైనక్స్ లేచాక, దారి చూపే రాతను తిరిగి రాసే నాలుగక్షరాల మాట ఒకటి కొట్టి మళ్ళీ స్విచ్ వేసింది. ఏది కావాలని తెర అడిగింది. రాసుకుందామని నేను నోటుపుస్తకం తెరిచేసరికి ఆమె ప్రాజెక్టు పనిలో మునిగిపోయింది.

శనివారం ప్రాజెక్టు ఇచ్చేసింది. ఆదివారం గార్డుగారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "తమ్ముడు లేపోతే అయిపోదుము," అని భార్య అప్పటికే వీధంతా చాటింది. కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నువ్వు చదువుకున్నోడివి, సచ్చీ చెప్పు," అన్నారాయన. "దీనికి ఇందులో ఏటైనా వచ్చా? ఇంకో ఏడాది చదివించడం బేకారా?"

"నాకంటే చాలా ఎక్కువ వచ్చు బావగారూ. ఆ రోజు పాడుచేసింది నేను, బాగుచేసింది ఆ అమ్మాయి."

గార్డుగారు భార్య వైపు తిరిగి నవ్వారు. "సూసావా, చదువుకున్నోడి వినయం!" కాసేపు గడ్డం గోక్కున్నారు. "సరే, ఇంతటోడు అంత మాటన్నాడంటే ఎంతో కొంత వచ్చీ ఉంటాది. చదవనీ."

అది వినయం కాదని ఇంకోసారి చెప్పబోయాను. తలుపు దగ్గర్నుంచి కోడలు వద్దన్నట్టు తలూపింది. సోమవారం పొద్దున మళ్ళీ కాలేజీకి వెళ్ళింది.