మేనత్త నడిపిన వ్యాను

పోయిన వారం కారు కొందామని నెల్లూరులో ఒక షోరూముకు వెళ్ళాను. కొనేది నేను, నడిపేదీ నేనే. తోడుగా వచ్చిన మా తమ్ముడి కొడుక్కి సైకిలు తప్ప ఇంకేదీ తొక్కడం రాదు. అయినా టై కట్టుకున్న అబ్బాయి అరగంటసేపు వాడికే చెప్పాడు: పైకప్పు తెరుచుకుంటుందట, సీటు చల్లబడుతుందట, పాట కావాలంటే నోటితో అడిగితే చాలట. నేను బానెట్ ఎత్తమన్నాను. "ఎందుకు మేడమ్?" అన్నాడు. బ్రేకుల సంగతి అడిగితే, "సార్‌కి అంతా చెప్తాను, మీరు కూర్చోండి, కాఫీ తెప్పిస్తాను" అన్నాడు. కాఫీ తాగకుండానే బయటికి వచ్చేశాను. ఈ వయసులో అంత కోపం ఏమిటని మావాడు దారి పొడవునా సణిగాడు. పాపం, ఆ కోపం వాడు పుట్టకముందుదని వాడికేం తెలుసు?

మా మేనత్త మిషన్ ఆసుపత్రిలో నర్సు. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను టీచరు ట్రైనింగు చదువుతూ ఆమె క్వార్టర్సులో ఉండేదాన్ని. మైపాడు వైపు పల్లెల్లో పురుళ్ళు పోయడం ఆమె పని. ఆమెకు కారు నేర్పింది ఆసుపత్రిలోని దొరసాని డాక్టరమ్మ. యుద్ధానికి ముందు నాటి ఆ పాత కారు, ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే గానీ కదిలేది కాదు. అత్త కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని ఒక్క తిప్పుతో లేపేది. "బండి మాట్లాడతాది అమ్మాయ్. మనం నోరు మూసుకుంటే వినపడతాది" అనేది. ఊరికే హారను కొట్టేవాడికి డ్రైవింగు రాదనీ, ఎదుటివాడి కళ్ళలో లైటు కొట్టేవాణ్ణి సంఘంలోంచి వెలివేయాలనీ ఆమె గట్టి నమ్మకం. ఆదివారం చర్చిలో అయ్యగారు ప్రసంగం చేస్తుంటే, బయట ఆగిన బస్సు చప్పుడు విని "వాల్వులు పోయినాయి" అని నా చెవిలో గొణిగేది. నేను నవ్వాపుకోలేక పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని.

దొరసాని తన దేశం వెళ్ళిపోయింది, పాత కారు మూలపడింది. ఆసుపత్రి కమిటీ అంతకు చాలా ఏళ్ళ ముందే కొత్త వ్యానుకు పేరు రాయించి ఉంది. ఆ రోజుల్లో బండి కొనుక్కోవడమంటే కంపెనీ వాళ్ళు దానం చేస్తే చేతులు కట్టుకుని పుచ్చుకోవడమే. ఉన్నవి రెండు మూడు కంపెనీలు. ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి, వచ్చినదానికి వంక పెట్టకూడదు. మా వ్యాను వచ్చేసరికి దాని రంగు అక్కడక్కడా కన్నీళ్ళలా కారి ఎండిపోయి ఉంది. వెనక తలుపు తన్నితే గానీ పడేది కాదు. వానొస్తే లోపల కూడా గొడుగు కావాలి. అవన్నీ చూసి అత్త నవ్వి ఊరుకుంది. మూడో వారంలో మాత్రం బ్రేకు పెడలు మెత్తగా కిందికి దిగిపోవడం మొదలైంది. రెండు మూడుసార్లు తొక్కితే గానీ పట్టడం లేదు. బండి అమ్మిన కంపెనీ ఏజెంటు దగ్గరికి అత్త రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి నేనూ పక్కనే ఉన్నాను. అక్కడి మేనేజరు బండి దగ్గరికైనా రాకుండా, "కొత్త బండి నర్సమ్మా, అలవాటు కావాల. ఒక మగ డ్రైవరును పెట్టుకోరాదా, వాడికైతే తెలుస్తాది" అన్నాడు. కంపెనీ చేసిన బండిని మూడు వారాల్లో అలవాటు చేసుకోలేకపోవడం ఆమె తప్పన్నమాట.

తర్వాత నాలుగు రోజులకు మైపాడు నుంచి కబురొచ్చింది, బిడ్డ అడ్డం తిరిగిందని. ఆసుపత్రిలో ఇంకో బండి లేదు. నాకు సెలవు కావడంతో నేనూ ఎక్కాను. దారంతా అత్త నెమ్మదిగానే నడిపింది, పెడలును ముందుగానే నాలుగుసార్లు తొక్కుతూ. కాలవ మీది వంతెన ఎక్కి అవతలికి దిగుతుంటే పెడలు నేలకు తగిలిపోయింది, మళ్ళీ పైకి రాలేదు. వాలు కింద రోడ్డు మీద చేపలు ఎండబోసి, వాటి పక్కనే నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అత్త గేరు తగ్గించింది, హ్యాండ్ బ్రేకు లాగింది. అది తెగిన తాడులా చేతిలోకి వచ్చేసింది. "గట్టిగా పట్టుకో" అని ఒక్క మాట అని, బండిని పక్కనున్న సరుగుడు తోపులోని ఇసుకలోకి తిప్పింది. రెండు చెట్లు విరిగాయి, ఆమె కుడి మణికట్టు విరిగింది. రోడ్డు మీద ఒక్కరికీ గీత కూడా పడలేదు. ఆ ఆడవాళ్ళలో ఒకామె పరుగెత్తుకొచ్చి, "అక్కా, మా మీదికి రాకుండా తిప్పినావే" అంటూ ఆమెను దించింది. అత్త చేతిని కొంగుతో కట్టుకుని, పురుటింటికి నడిచి వెళ్ళి, ఎడమచేత్తో ఆ కాన్పు చేసింది. తల్లీ బిడ్డా బతికారు.

కమిటీ వాళ్ళు విచారణ పెట్టారు. టౌను నుంచి వచ్చిన మెకానిక్కు అత్త ఎదుటే బ్రేకు సిలిండరు విప్పాడు. లోపలి రబ్బరు వాషరు ఉబ్బి, చీలిపోయి ఉంది. అత్త దాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్ళి కమిటీ ముందు బల్లమీద పెట్టింది. అధ్యక్షుడుగారు దాన్ని కలంతో పక్కకు నెట్టి, "ఇవన్నీ మాకేం తెలుస్తాయమ్మా" అన్నారు. తప్పు డ్రైవరుదేనని కంపెనీ ఇచ్చిన ఉత్తరం మాత్రం వాళ్ళకు బాగా తెలిసింది. తర్వాత నన్ను పిలిచారు. "అమ్మాయీ, బండి వేగంగా పోతా ఉండిందా?" అని అడిగారు. పెద్దవాళ్ళ ముందు అడిగినదానికి మించి చెప్పే అలవాటు లేదు నాకు. "వేగంగానే పోతా ఉండింది" అన్నాను. అంతవరకే రాసుకుని, ఇక వెళ్ళమన్నారు. నేను వెళ్ళిపోయాను.

వ్యాను తాళాలు ఒక మగ డ్రైవరుకు ఇచ్చారు. మంచివాడే. నెల తిరక్కముందే అతను అత్తతో, "అక్కా, ఏజెంటు మనుషులు వొచ్చి కొత్త రకం రబ్బరు ఏసిపోయినారు. ఈ బండికే కాదంట, అన్నిటికీ ఏస్తా ఉండారంట. మీకు చెప్పలేదా?" అన్నాడు. ఆ సంగతి కమిటీలో చెప్పమని నేను అతన్ని గట్టిగా అడిగాను. "నా ఉద్యోగం పోతాదమ్మా" అని తల దించుకున్నాడు. అత్త నన్ను కసిరింది, వాణ్ణి వదిలెయ్యమని. తానే ఆ సంగతంతా రాసి అధ్యక్షుడుగారికి ఇచ్చింది. జవాబు రాలేదు. రిటైరయ్యేదాకా ఆమె మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆ వ్యాను వెనక సీట్లోనే వెళ్ళింది. నేను తోడు వెళ్ళినప్పుడల్లా, ప్రతి మలుపులో ఆమె కుడికాలు నేలను నొక్కడం చూస్తూనే ఉన్నాను.

ఆమె మంచాన పడ్డాక ఒకనాడు ధైర్యం చేసి క్షమాపణ అడిగాను. "నువ్వు అబద్ధం చెప్పలేదు కదే," అంది. "వేగంగానే పోతా ఉండింది. ఎందుకు పోతా ఉండిందో వాళ్ళు అడగలా, నువ్వు చెప్పలా." తర్వాత మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆమె నన్ను క్షమించిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎప్పుడో పోయారు, ఆ కంపెనీ కూడా మూతపడింది. బ్రేకు పట్టలేదని ఆనాడు చెప్పాల్సిన రెండో మాట మాత్రం నా నాలుక మీద సిద్ధంగా ఉంది, అరవై ఏళ్ళు ఆలస్యంగా.