పిలిస్తేనే ఆడే జట్టు

"...అంటే, ఎవరూ పిలవకుండానే నా పిల్లల్ని బస్సెక్కించి పంపమంటారా? పిలవని పేరంటానికి?"

"పేరంటం కాదండీ రాజుగారూ, లీగు. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో యూనివర్సిటీవాళ్ళు నిర్ణయిస్తారు. అన్ని కాలేజీలూ అలాగే ఆడుతున్నాయి."

"ఆడనివ్వండి. మనం ఇన్నాళ్ళూ అలా ఆడలేదుగా."

"ఇన్నాళ్ళూ ఆడి ఏం తెచ్చుకున్నామండీ? కప్పులు. మీ అటకమీద ఉన్నాయి. రేపు ఆట కోటాలో ఉద్యోగానికి వెళ్ళిన సుధాకర్‌ని రైల్వేవాళ్ళు సర్టిఫికెట్ అడిగితే, అటకమీంచి కప్పు దింపి పట్టుకెళ్ళమంటారా?"

మద్దులపర్రు డిగ్రీ కాలేజీలో ప్రిన్సిపాలు గది తలుపు సగమే మూసి ఉంది. వరండాలో ఇద్దరు లెక్చరర్లు నోటీసు బోర్డు వైపు తిరిగి, అందులో లేని నోటీసు చదువుతున్నారు. అది 1997, వానాకాలం. లోపల మాట్లాడుతున్న ప్రిన్సిపాలు భాస్కరం కోనసీమ మనిషి. గొంతు పెంచకుండా పోట్లాడగలడు. ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నది పల్లంరాజు. కాలేజీలో ఆయనకి ఏ ఉద్యోగమూ లేదు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మాత్రం ఆయనదే.

"అయితే గంగరాజుని గోల్లోంచి తీసెయ్యాలి. అంతేనా?" అన్నాడు పల్లంరాజు.

"చదువుతున్నవాళ్ళే ఆడాలని రూలు. గంగరాజు చదువు మానేసి పదేళ్ళు దాటింది."

"నేను?"

భాస్కరం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "జట్టుతో వచ్చే మనిషికి వ్యాయామ విద్యలో డిగ్రీ ఉండాలండి."

"సరే. గట్టుమీద కూర్చుంటాను."

"జట్టు కూర్చునే చోట కాదండి. గీతకి అవతల. చూడ్డానికి వచ్చినవాళ్ళతో."

పల్లంరాజు లేచి, కండువా సర్దుకుని, "వస్తానండి" అని బయటికి వచ్చాడు. లెక్చరర్లిద్దరూ పక్కకి తప్పుకుని నమస్కారం పెట్టారు.

కుర్రతనంలో ఆయన ఒకసారి ధాన్యం బేరానికి యానాం వెళ్ళాడు. సాయంత్రం గోదారి ఒడ్డున కొందరు ఫుట్‌బాల్ ఆడుతుంటే నిలబడి చూశాడు. ఒక పక్షంలో మనిషి తక్కువై, అందులో ఒకాయన "మీరు వస్తారాండీ?" అని పిలిచాడు. పల్లంరాజు పంచె ఎగ్గట్టి దిగాడు. ఆట రాదు. చీకటి పడేదాకా బంతి వెనక పరిగెత్తాడు. మర్నాడు దుకాణంలో బంతి కొనుక్కుని ఇంటికి వచ్చాడు. యానాం వెళ్ళినవాళ్ళు సీసాలతో వస్తారు గానీ ఈయన బంతితో వచ్చాడేంటని ఊరు నవ్వింది.

తర్వాత ఊళ్ళో కాలేజీ వచ్చింది. తన మెరక చేను ఆటస్థలానికి ఇచ్చాడు. చుట్టూ పొలాలన్నీ ఒక్కొక్కటే చేపల చెరువులైపోయినా ఆ స్థలం మిగిలింది. చదువుతున్నవాళ్ళూ, చదువు అయిపోయినవాళ్ళూ, మధ్యలో మానేసినవాళ్ళూ కలిసి కాలేజీ పేరుతో ఆడేవారు. ఏ సంఘంలోనూ చేరలేదు. ఎవరైనా పిలవాలంటే ఇద్దరు మనుషులు స్వయంగా వచ్చి, తాంబూలం ఇచ్చి పిలవాలి. ఈయన పిలవాలన్నా అంతే. గంగరాజుని వెంటబెట్టుకుని యానాం, కాకినాడ, రాజమండ్రి బస్సుల్లో తిరిగి పిలిచి వచ్చేవాడు. పిలిచినవాడు భోజనం పెట్టాలి. మధ్యాహ్నం రెండు జట్లూ తిని, అరుగుమీద కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక ఆడేవారు. వచ్చినవాళ్ళు తిన్నాకే పిలిచిన జట్టు తినేది.

వండేది ఆయన భార్య పాపాయి. వాళ్ళకి పిల్లల్లేరు. కొర్రమేను ఇగురు, పనసపొట్టు కూర, గారెలు, ఆత్రేయపురం పూతరేకులు. రెండో మారు వద్దని చెయ్యి అడ్డం పెట్టినా ఆవిడ ఆ వేళ్ళ సందులోంచే వడ్డించేది. ఓడిపోయిన జట్లు కూడా మళ్ళీ ఎప్పుడు పిలుస్తారని అడిగి వెళ్ళేవి.

ఆ రోజు ప్రిన్సిపాలు గదిలో జరిగింది విని పాపాయి ములక్కాడలు తుంచుతూ అంది: "జట్టుని లీగుకి ఇచ్చెయ్యండి."

"నువ్వు కూడానా?"

"మనం అన్నం పెట్టగలం గానీ ఉజ్జోగం పెట్టలేం కదండీ. సుధాకర్ తల్లి మొన్న కనపడి ఒకటే ఏడుపు."

"నన్ను గీతకి అవతల నిలబడమన్నారు."

"నిలబడండి. పెళ్ళిలో కన్యాదాతని కూడా ఒక్కోసారి పక్కకి జరగమంటారు." ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది. "నాకేంటండీ. ఎవరి లీగయినా ఆకులు వేసేది నేనేగా."

పల్లంరాజు రెండు రోజులు ఆలోచించి, ముందు ఒక ఆట ఆడి చూద్దామన్నాడు. భాస్కరం సంతోషించాడు. లీగులో ఆడుతున్న ఒక కాలేజీ జట్టు వచ్చి ఆడేట్టూ, స్థలమూ జట్టూ చూడడానికి యూనివర్సిటీ నుంచి అబ్జర్వరు వచ్చేట్టూ ఏర్పాటు చేశాడు.

అబ్జర్వరు సాయంత్రం భీమవరంలో రైలు అందుకోవాలి. అందుకని ఆట రెండింటికే పెట్టారు. వచ్చే జట్టు పదకొండింటికి రావాలి. దారిలో బస్సు చెడి, ఒంటిగంటకి దిగింది. పాపాయి పెందలాడే లేచి వండిన వంట సావిట్లో సర్ది ఉంది. కడుపులో ఏమీ పడని అతిథుల్ని ఎండలోకి దింపడం పల్లంరాజు చేతకాని పని. "ముందు చేతులు కడుక్కోండి బాబూ, ఆట ఎక్కడికీ పోదు" అని ఆకుల ముందు కూర్చోబెట్టాడు. హాస్టలు కుర్రాళ్ళు. మొదట మొహమాటపడ్డారు. తర్వాత పాపాయి వడ్డిస్తుంటే మొహమాటం మర్చిపోయారు.

వాళ్ళు లేచేసరికి అబ్జర్వరు గడియారం చూసుకుంటున్నాడు. ఇంటివాళ్ళు తినడానికి వేళ లేదు. ఇంకా లీగు ఆట కాదు గనక గోల్లోకి గంగరాజే దిగాడు; అతనూ, సుధాకర్, మిగతావాళ్ళూ పొద్దున తాగిన టీతోనే దిగారు.

ఆట ఆటగా సాగలేదు. వచ్చినవాళ్ళు కాసేపు పరిగెత్తి నడుంమీద చేతులు పెట్టుకున్నారు. సుధాకర్ వాళ్ళని దాటి వెళుతుంటే వెనక్కి తిరిగి చూడ్డానికి కూడా బద్ధకించారు. రెండో సగంలో ఒక కుర్రాడు గోలు వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. మద్దులపర్రు అయిదు గోల్స్ కొట్టింది.

అయిపోయాక వచ్చిన జట్టు మేష్టారు పల్లంరాజు దగ్గరకి వచ్చాడు. "పీకలదాకా పెట్టారండి."

"అయ్యో, పెద్దగా ఏం పెట్టలేదండి" అన్నాడు పల్లంరాజు చేతులు జోడించి. "టైము చాల్లేదు."

"మావాళ్ళకి పీకలదాకా కుక్కి, మీవాళ్ళని పస్తుంచి దింపారు. తెలివైన ఆటేనండి. మాకు రాదు."

జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. అబ్జర్వరు పల్లంరాజు వంక చూడకుండా భాస్కరంతో అన్నాడు. "లీగులోకి రావాలంటే ఇలాంటివి మానుకోవాలండి."

భాస్కరం ఏదో చెప్పబోయాడు. అప్పటికే అబ్జర్వరు ఎక్కిన కారు కదిలింది.

వంటింటి పక్క బోరింగు దగ్గర వచ్చిన కుర్రాళ్ళు కాళ్ళు కడుక్కుంటున్నారు. "కూరలో ఏం కలిపారోరా బాబూ" అన్నాడు ఒకడు. మిగతావాళ్ళు నవ్వారు. దడికి ఇవతల పాపాయి ఎంగిలాకులు ఎత్తుతోంది. వాళ్ళు వెళ్ళేదాకా ఆకులు చేత్తో పట్టుకుని వంగే ఉంది.

సాయంత్రం ఇంటి జట్టుకి వడ్డించింది. ఎవరూ గెలిచినవాళ్ళలా లేరు. గంగరాజు వాతావరణం తేలిక చేద్దామని, "అమ్మగారండి, ఇంకాత్త ఇగురెయ్యండి. ఆళ్ళొగ్గేసింది నా బాగవేనండి" అన్నాడు.

పాపాయి గరిటె గిన్నెలోనే వదిలేసింది. "సరిపోద్దిలే గంగరాజూ. ఎక్కువైతే అరగదు."

మర్నాడు పల్లంరాజు కాలేజీకి వెళ్ళి, తిండి పెట్టి గెలిచారన్న ఆ మాట వాళ్ళు వెనక్కి తీసుకునేదాకా లీగు ఊసెత్తవద్దని చెప్పాడు. ఆ మాట అన్నవాళ్ళకి అన్నట్టే గుర్తుండదని భాస్కరం చెప్పి చూశాడు. లాభం లేకపోయింది.

తర్వాతి ఏడు పిలవడానికి ఒక్క జట్టే వచ్చింది. ఆ పై ఏడు ఎవరూ రాలేదు. యానాం జట్టులో వయసు మళ్ళినవాళ్ళు మానేశారు, కొత్తవాళ్ళు లేరు. ఈయన పిలవడానికి వెళితే కాఫీ ఇచ్చి, "అంతా లీగు రోజులండి, కుదరదు" అన్నారు. ఊళ్ళో పిల్లలు క్రికెట్టుకి మళ్ళారు. జట్టు సాయంత్రాలు రెండుగా చీలి తమలో తామే ఆడుకునేది.

సుధాకర్ సికిందరాబాదు వెళ్ళాడు. రైల్వేవాళ్ళు ఆడించి చూసి, భుజం తట్టి, ఏ యూనివర్సిటీ పోటీల్లో ఆడావని అడిగారు. వారం తిరక్కుండా వెనక్కి వచ్చి, ఆటస్థలం పక్క చెరువులో చేపలకి మేత వేసే పనిలో చేరాడు. బంతి చెరువులో పడితే పడవ తిప్పుకుని వచ్చి, తీసి గట్టుమీదకి విసిరేవాడు. ఒకసారి పల్లంరాజే బంతికోసం గట్టుదాకా వెళ్ళాడు.

"తిన్నావా?" అని అడిగాడు.

"ఆయ్. తిన్నానండి" అన్నాడు సుధాకర్. పడవ తిప్పుకున్నాడు.

పాపాయికి షుగరు ఎప్పట్నించో ఉంది. రెండో ఏడు మాఘమాసంలో కాళ్ళు వాచాయి. భీమవరం ఆసుపత్రిలో చేర్చారు. కిడ్నీలు పాడయ్యాయన్నారు. గంగరాజు చెరువు కాపలా తమ్ముడికి అప్పగించి వచ్చి, ఆసుపత్రి వరండాలోనే ఉండిపోయాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడకి కాస్త తెలివి వచ్చింది. "ఈ ఏడు ఎవరైనా పిలవడానికి వచ్చారాండీ?" అంది.

పల్లంరాజు మంచం పక్క స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. "వచ్చారు. యానాం వాళ్ళు. మనమే పిలుస్తాం, ఇక్కడికే రండన్నాను."

"ఎంతమంది?"

"పదిహేనుమంది వస్తారు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. బియ్యం లెక్క వేసుకుంటోందని ఆయనకి అర్థమైంది. "కొర్రమేనుకి ముందురోజే చెప్పండి గంగరాజుతో," అంది కాసేపటికి. "మనవాళ్ళకి... ముందు పెట్టేద్దాం. వాళ్ళతో పాటే కూర్చోబెట్టేద్దాం. ఎవరూ ఏమీ అనుకోరు."

"అలాగే" అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ గంగరాజు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులకి పాపాయి పోయింది. పాడె జట్టే మోసింది. సుధాకర్ ఎడంపక్క ముందు పట్టాడు.

వేసవి గడిచి కాలేజీ తెరిచారు. సుధాకర్ తమ్ముడు గణేష్‌బాబు డిగ్రీలో చేరాడు. వాడు గోల్‌కీపరు. గంగరాజు లేనప్పుడు గోల్లో నిలబడేవాడు, వచ్చాక తప్పుకునేవాడు. బంతి ఎటు కొడతారో ముందే పసిగట్టడం వాడికి గంగరాజే నేర్పాడు. ఒక సాయంత్రం గోల్లో వాడు బంతులు ఆపుతుంటే పల్లంరాజు చాలాసేపు చూశాడు. గట్టు అవతల సుధాకర్ పడవ ఆపి, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, వాడూ చూస్తున్నాడు.

మర్నాడు పల్లంరాజు భాస్కరం ఇంటికి వెళ్ళి, చాలాసేపు మాట్లాడి, సాయంత్రం ఒకసారి ఆటస్థలం దగ్గరకి రమ్మన్నాడు.

సాయంత్రం కుర్రాళ్ళందరినీ గట్టుమీద కూర్చోబెట్టాడు. గంగరాజు చేతులకి గ్లవ్స్ వేసుకుని చివర కూర్చున్నాడు. భాస్కరం చెప్పులు విడిచి గడ్డిలో నిలబడ్డాడు. పల్లంరాజు వాళ్ళ ముందుకి వచ్చాడు.

"ఈ ఏడు మనం లీగులో చేరుతున్నాం. కాలేజీలో చదివేవాళ్ళే ఆడతారు. వచ్చేవారం నుంచి బి.పి.ఎడ్. చదివిన మేష్టారొకాయన వస్తారు, ఆయన చెప్పినట్టు వినండి. గంగరాజూ, ఆ గ్లవ్స్ గణేష్‌బాబుకి ఇచ్చెయ్యి."