పేజీలో పట్టని గడి

మా పిన్నికి కోపం వస్తే గరిటెతో మాట్లాడేది. గిన్నె అంచు మీద రెండుసార్లు కొట్టిందంటే వరుసలో ఎవరో తోసుకుంటున్నారని, మూడుసార్లు కొట్టిందంటే ఎవరో కూర వదిలేశారని అర్థం. బడి వంటగదిలో పంతొమ్మిదేళ్లు అలాగే నెగ్గుకొచ్చింది. రెండు వందల అరవైమంది పిల్లల్లో ఎవరు ఎంత తింటారో ఆమెకు తెలుసు, పేర్లు మాత్రం గుర్తుండవు. "సోమవారం పిల్ల రాలేదేం?" అని అడిగేది. ఆదివారం ఇంట్లో పొయ్యి వెలగక, సోమవారం మూడోసారి కూడా పళ్లెం పట్టుకొచ్చే పిల్ల అన్నమాట. ఒకటో తరగతి.

నేను నగరపాలక సంస్థలో, ఆహార విభాగంలో టైపిస్టుని. నగరంలో ఎవరేం తినాలో, ఎలా తినాలో తేల్చే కాగితాలన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. అవి పోయేవైపు మార్చే అధికారం మాత్రం నాకు లేదు.

రెండేళ్ల కిందట ఏదో బడిలో పిల్లలకు వాంతులయ్యాయి. కౌన్సిల్ ఊరుకోలేదు, ఊరుకోకూడదు కూడా. తొమ్మిది నెలలు మీటింగులు పెట్టి కొత్త ఆహార విధానం తెచ్చింది. బడుల్లో పొయ్యిలు తీసేయాలి. ఊరి చివర ఒకే పెద్ద వంటశాల, అక్కణ్ణుంచి వ్యాన్లలో మూతలు బిగించిన డబ్బాలు. డబ్బా బడికి చేరగానే వేడి ఎంతుందో చూసి రిజిస్టరులో రాయాలి. అరవై ఐదు డిగ్రీలకు తగ్గకూడదు. వరుసగా మూడు రోజులు తగ్గితే సరఫరా ఆపి విచారణ చేయాలి. ఆలస్యం చేసే వ్యాన్లను పట్టుకోవాలనే ఆ షరతు పెట్టారు. చదివితే ఎవరైనా శభాష్ అంటారు. టైపు చేస్తూ నేనూ అన్నాను.

రిజిస్టరు పట్టిక గీసింది కూడా నేనే. తేదీ, బడి, కూర, వేడి, వ్యాను బయల్దేరిన వేళ, చేరిన వేళ, సంతకం. మొత్తం ఏడు గడులు. పేజీలో పట్టలేదు, సంతకం గడి సగం బయటికి పోయింది. ఆఫీసరుగారికి చూపిస్తే ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, "ఏదో ఒకటి తీసెయ్యవయ్యా, ప్రింటింగు ప్రెస్సువాడు వచ్చి కూర్చున్నాడు" అన్నారు. వ్యాను గడులు రెండూ తీసేశాను. పేజీ ముచ్చటగా కుదిరింది.

పిన్ని ఉద్యోగం పోలేదు గానీ, వంటమనిషి కాస్తా వడ్డించే మనిషి అయింది. పొయ్యి ఉన్నచోట నేల మీద నాలుగు నల్లటి మరకలు మిగిలాయి. చేతికి థర్మామీటరు ఇస్తే హడలిపోయింది, నాలుగో తరగతితో చదువు ఆపేసిన మనిషి. నేనే ఇంట్లో కూర్చోబెట్టి నేర్పాను. మరిగే నీళ్లలో, కుళాయి నీళ్లలో, చివరికి తన టీ గ్లాసులో కూడా ముంచి చూసింది.

"తక్కువ చూపిస్తే ఏం రాయమంటావురా?"

"ఎంత చూపిస్తే అంత రాయి పిన్నీ. నిజం రాస్తేనేగా పైవాళ్లకి తెలిసేది."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

వంతెన పనులు మొదలై వ్యాను చుట్టు తిరిగి రావలసి వచ్చింది. అది చివరగా ఆగేది పిన్ని బడి దగ్గరే. ఒకరోజు అరవై ఒకటి. మర్నాడు యాభై ఎనిమిది. ఆ మర్నాడు యాభై ఏడు. వేడి చేసి పెడదామంటే పొయ్యి లేదు. పిన్ని ఒక్కో అంకెనీ గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా రాసి సంతకం పెట్టింది.

వారాంతపు నివేదిక నా బల్ల మీదికి వచ్చింది. నూట ఎనభై బడులు, అన్నిచోట్లా రోజూ అరవై ఐదే, తప్పితే అరవై ఆరు. చాలామంది మూత తీయకుండానే రాసేస్తారు. అలా రాస్తేనే అన్నం ఆగదని రెండో వారానికే పసిగట్టారు. వాళ్లనీ తప్పు పట్టలేను. వరుసగా మూడు అంకెల కింద ఎర్రగీత పడింది ఒక్క పిన్ని బడికే.

ఆఫీసరుగారి దగ్గరికి పరుగెత్తాను. "తప్పు బడిది కాదండీ, వ్యాను ఆలస్యంగా వస్తోంది."

"ఆలస్యమైనట్టు ఎక్కడుంది?"

"ఎక్కడా లేదండీ. ఆ గడులు తీసేశాం కదండీ."

ఆయన కాగితం తిరగేసి చూశారు. చెడ్డవాడు కాదు, ఆయన మొహం కూడా వాడిపోయింది. "ఆవిణ్ణి అరవై ఐదని రాయమని ముందే చెప్పకపోయావా?" అన్నారు మెల్లిగా. "ఇప్పుడు విచారణ కమిటీ వేసేదాకా నేను చేయగలిగింది లేదు."

కమిటీని కౌన్సిల్ వేయాలి. కౌన్సిల్ కూర్చోవడానికి ఏడు వారాలుంది. సరఫరా ఆపమన్న ఉత్తర్వు నేనే టైపు చేశాను. 'విద్యార్థులు సమీప కేంద్రంలో భోజనం చేయవచ్చును' అన్న వాక్యమూ నేనే కొట్టాను. ఆ సమీప కేంద్రం లారీలు తిరిగే పెద్ద రోడ్డుకు అవతల ఉంది.

సోమవారం సెలవు పెట్టి, సంచీ నిండా రొట్టెలు కొనుక్కుని బడికి వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ గేటు దగ్గరే ఆపేసింది. "ఇంటి డబ్బా తప్ప బయటి తిండి లోపలికి రానివ్వకూడదండీ. మీ ఆఫీసు కాగితమే" అంది, కళ్లు దించుకుని. నిజమే, నాలుగో పేజీ. సంచీ గేటు బయటే ఉండిపోయింది.

పెద్ద పిల్లల్ని ఇద్దరు టీచర్లు రోడ్డు దాటించారు. చిన్నవాళ్లని దాటించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇంటి నుంచి తెచ్చుకోమన్నారు. ఉన్నవాళ్లు తెచ్చుకున్నారు.

పిన్ని వంటగదిలో కడిగిన పళ్లేలే మళ్లీ కడుగుతోంది. గడుల సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. చేతులు చీరకి తుడుచుకుంది.

"నేను బండి గురించి రాస్తున్నాననుకున్నాన్రా" అంది. "నా పిల్లల మీదే రాశానన్నమాట."

"నీ తప్పేం లేదు పిన్నీ."

"పోనీ ఇంట్లో వండి తేనా?"

"ఒప్పుకోరు."

"ఆ కాగితాలన్నీ కొట్టేది నువ్వేగా!"

అంతలో గంట మోగింది. అలవాటు కొద్దీ ఎవరో మధ్యాహ్నం గంట కొట్టేశారు. ఏడెనిమిదిమంది చిన్నపిల్లలు పళ్లేలు పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే, వరుసలో నిలబడ్డారు. అందరికంటే ముందు సోమవారం పిల్ల. పిన్ని కూడా అలవాటుగానే గరిటె అందుకుంది, మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

"ఇవాళ ఏం కూర?" అంది ఆ పిల్ల.

పిన్ని నా వైపు చూసింది. ఆహార విభాగంలో పనిచేసేది నేనే కదా.

"ఇవాళ రాలేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల పళ్లెం దించలేదు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "చల్లారిపోయినా తింటాను" అంది.