ఒక్కో రొట్టెకు ఒక్కరి పేరు

మంగళవారం సాయంత్రం నా భార్య కన్నుమూసింది. ఆ పొద్దున జ్వరం తగ్గినట్టే కనిపించింది. పొయ్యి దగ్గర గోడకు ఆనించి కూర్చోబెట్టమంటే కూర్చోబెట్టాను. జగదేవ్‌పూర్ నుంచి వచ్చిన మా అక్క జొన్న రొట్టెలు చేస్తోంది.

"గా రొట్టె ఎవరి పేరు మీద, వదినా?" అని అడిగింది నా భార్య.

"ఆకలైనోళ్ల పేరు మీద," అంది అక్క.

నా భార్య నవ్వింది. నాకు కొలువులో సెలవు దొరకలేదు, కచేరీకి పోయాను. మధ్యాహ్నం దాటాక కబురు వచ్చింది. నేను చేరేసరికి ఊపిరి ఉంది, మాట లేదు. దీపాలు పెట్టకముందే అయిపోయింది.

ఆమె అలా ఎందుకు అడిగిందో తెలియనివారికి చెప్పాలి. ఆమె ఒక్కో రొట్టె ఒక్కరి పేరు మీద చేసేది. పిండిముద్ద చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి పెనం మీంచి దించేదాకా ఆ రొట్టె తినేవారి కోసం ప్రార్థించేది. నాది అప్పుడప్పుడు మాడేది. అడిగితే, "మీ గురించి దేవునికి చెప్పేది ఎక్కువుండె," అనేది. యుద్ధపు రోజుల్లో జొన్నలు దొరక్క రొట్టెలు తగ్గాయి. పేర్లు తగ్గలేదు. ఒక్క రొట్టెకు ఇద్దరిని కలిపేది.

పొద్దుటి ప్రార్థనకు చర్చికి రావడం లేదని అయ్యగారు ఒకసారి ఇంటికే వచ్చారు. "మోకాళ్లూనే తీరిక గూడ లేదా అమ్మా?"

"మోకాళ్ల మీదనే ఉన్న గదా అయ్యగారూ," అంది, పిండి ముందు నుంచి లేవకుండానే. "జర కూసోండ్రి. ఇగ మీ పేరే."

ఆయన రొట్టె తిని వెళ్లారు. మళ్లీ అడగలేదు.

పనులన్నీ ముగిసి తలుపు మూసుకుంటేనే నెమ్మది అని నేను అనుకునేవాణ్ణి. "పని ఎప్పుడన్న ఒడుస్తదా? నడుమనే దేవున్ని పిలుసుకోవాలె," అనేది.

ఆమె పోయాక కచేరీలో ప్రయత్నించాను. వేములఘాట్ రైతు అర్జీ చేతిలోకి తీసుకుని, అతని కోసం ప్రార్థిద్దామని తల వంచాను. అంతలో లోపలి నుంచి పిలుపు. వరండా నిండా జనం. ఒక్క మాటా రాలేదు. ఇంట్లో ఉంటే కచేరీకి పోదామనిపిస్తుంది, అక్కడుంటే ఇంటికి. రెండు చోట్లా ఊపిరాడదు.

నిన్న అక్క అంది: "పిల్లను నాతోని పంపు తమ్మీ. నువ్వు పొద్దున పోతె మాపటికొస్తవు. దానికి కూడెవరు పెడ్తరు? జడెవరేస్తరు?"

అందులో తప్పేమీ లేదు. మా బిడ్డకు ఎనిమిదేళ్లు. అక్క దాని బట్టలు మూట కూడా కట్టింది. పిల్ల కూడా పోతే ఈ ఇంట్లో నేను ఎట్లా ఉంటానో తెలియదు.

ఈ సాయంత్రం పిల్ల తానే పొయ్యి ముందు కూర్చుంది. పిండి పలచనైంది. రొట్టె నడుమ చిరిగింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"అయిందా బిడ్డా?" అన్నాను.

"ఆగు బాపూ. అత్త పేరుదింక ఒడవలేదు."

అక్క మొహం అటు తిప్పుకుంది. నేను పిల్ల పక్కన కూర్చున్నాను. చాలా సేపు కూర్చున్నాను. ఎక్కడికీ పోవాలనిపించలేదు.

రేపు పొద్దున అక్కను బండెక్కిస్తాను, ఒక్కదాన్నే. వచ్చి ఆ మూట విప్పి బట్టలు దండెం మీద వేస్తాను. కచేరీకి పోయేముందు పిల్లను గడపలో కూర్చోబెట్టుకుని జడ వేస్తాను. వంకరగానే వస్తుంది.