పసుపుగుడ్డ కప్పిన గిన్నె

మా వంశంలో దయ్యాలను చూసినవాళ్ళు లేరు. అవసరమైతే ఎదుటివాళ్ళకు చూపించినవాళ్ళు ఉన్నారు. పాళెగాళ్ళ ఇంట్లో పుట్టి చీకటికి భయపడితే అన్నం పెట్టరని మా నాయన అనేవాడు. నేను భయపడలేదు, నమ్మనూ లేదు. ఇప్పుడు రాయబోయేది చీకట్లో జరిగింది కాదు. కర్నూలులో మండుటెండలో, నలుగురూ తిరిగే బజారులో జరిగింది.

రాజధాని మా ఊరికి వచ్చిన రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. అద్దె ఇంటి కోసం పెద్ద పెద్ద ఉద్యోగులు వీధులు తిరిగేవారు. మా భూములు అప్పటికే పోయాయి. మిగిలిన రాతి మేడలో పై భాగం గుంటూరు నుంచి వచ్చిన శేషాచలం అనే సర్జనుకు ఇచ్చాను. అద్దెకిచ్చానని నేనెక్కడా అనలేదు. ఉండమన్నాను. ఆయన నెలనెలా ఏదో పంపేవాడు.

ఆయనకు ఒకటే ధ్యాస. ఒకరి మూత్రపిండాన్ని ఇంకొకరికి అమర్చే రోజు వస్తుందని, తీసిన తరువాత అది చచ్చిపోకుండా ఉంచడమే అసలు చిక్కని చెప్పేవాడు. ఆసుపత్రి వెనక రేకుల కొట్టంలో మేకల మీద ప్రయోగాలు చేసేవాడు. మేక నుంచి ఒక మూత్రపిండం తీయాలి, అందులోని నెత్తురును ఉప్పునీళ్ళతో కడగాలి, కొన్ని గంటలు చల్లగా ఉంచి మళ్ళీ అదే మేక మెడలో కుట్టాలి. రెండోది లోపలే ఉంటుంది గనక మేక బతుకుతుంది.

"మీ బనగానపల్లె మామిడిని గడ్డిలో వేస్తే మాగుతుంది కదండీ. దీన్ని చల్లదనంలో వేస్తే ఆగుతుంది. అలాగని గడ్డ కట్టనిచ్చామా, ఇక పారేయడమే," అనేవాడు.

రేకుల కొట్టంలో మంచు నిలిచేది కాదు. మా నేలమాళిగలో తాతగారు తెల్లదొరలకు సోడాలు చల్లబరచడానికి తెప్పించిన టేకు మంచుపెట్టె ఉంది. మద్రాసు నుంచి ఒక పెద్ద సర్జను ప్రయోగం చూడటానికి వస్తున్నాడు. ఫలిస్తే మన డాక్టరుకు మంచి గది, సహాయకులు దొరుకుతారు. లేకపోతే మేకల డాక్టరన్న ఎగతాళితో అంతా ముగుస్తుంది.

ఆ ఉదయం ఆయన మూత్రపిండాన్ని తెచ్చాడు. గాజు జాడీ పగిలిందని మా ఇంట్లోదే కళాయి పూసిన ఇత్తడి గిన్నె తీసుకున్నాడు. ఉప్పునీళ్ళలో అది, పైన పసుప్పచ్చటి మందులో తడిపిన గుడ్డ. పెట్టెలో మంచు మధ్య నిలిపాం.

"ఇది మీ చేతుల్లో పెడుతున్నానండీ."

"మా ఇంట్లో దాచమని ఇచ్చింది ఏదీ ఇంతవరకూ పోలేదు," అన్నాను. భూమి పోయింది గాని మాట పోలేదని ఊళ్ళో మా పేరు. ఆ రోజు పణంగా పెట్టింది ఆ పేరునే.

అయితే ఒక సంగతి డాక్టరుకు తెలియదు, నాకు తట్టలేదు. మా సొంత పల్లెలో అమ్మవారికి మేకపోతును కోసినవాళ్ళు దాని గుర్దాలను, అంటే ఆ మూత్రపిండాలనే, ఇత్తడి గిన్నెలో పెట్టి, పసుపుగుడ్డ కప్పి మా ఇంటికి పంపుతారు. అది తరతరాల మర్యాద.

మధ్యాహ్నం మా మేనత్త ఓబుళమ్మ వడ్డించిన మిరియాల వేపుడు తినేశాక అడిగాను, గుర్దా ఎక్కడిదని.

"మంచుపెట్టెలో ఉండె గదా నాయనా. ఊరోళ్ళు తెస్తే నువ్వే పెట్టినావనుకుంటి. ముందు రెండు పంపుతాండిరి, ఇప్పుడు ఒకటే. మర్యాద గూడా సగమైపాయ. ఇంగోటి విను, నేను ఉప్పే వేయలేదు, అయినా శానా ఉప్పగుండాది."

గిన్నె పెరట్లో చింతపండుతో తళతళా తోమి, ఎండలో బోర్లించి ఉంది.

కోటు తొడుక్కున్నాను. తలపాగా రెండుసార్లు చుట్టాను. మాట తప్పానని చెప్పడానికి పోయేవాడి తలపాగా వంకరగా ఉండకూడదు. ఖాళీ గిన్నెనైనా ఉత్తగా పట్టుకుపోవడం మాకు అలవాటు లేదు గనక ఆ పసుప్పచ్చ గుడ్డే కప్పి పట్టుకున్నాను. కాలుతోంది.

బజారులో మాంసం కొట్టు ఖాసిం పలకరించాడు.

"ఏమప్పా దొరా, ఇంత ఎండలో నువ్వే మోస్తాండావు. పనోళ్ళు లేరా?"

"ఉండారు. నిద్రపోతాండారు."

"సరేలే. నీళ్ళు కారతాండాయి, కోటు చూసుకో."

చూసుకున్నాను. గిన్నె అడుగు నుంచి చుక్కలు పడుతున్నాయి. నా చెమటే అనుకున్నాను. కాలువ వంతెన దాటేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. చలికి. బరువు కూడా పెరిగింది. గుడ్డ తీసి చూడలేదు. నడివీధిలో గిన్నె మూత తీయడం మావాళ్ళు ఎరగరు.

కొట్టం దగ్గర నేను నోరు తెరిచేలోగా డాక్టరు గిన్నె లాక్కుని గుడ్డ తీశాడు. తేటనీళ్ళలో, కడిగింది కడిగినట్టే, అది ఉంది. నా కళ్ళతో చూశాను. మేక మెడలో కుట్టారు. కాసేపటికి దానికి తగిలించిన గొట్టం చివర ఒక మూత్రపు చుక్క వేలాడి, పడింది. తరువాత ఇంకొకటి. మద్రాసు సర్జను వంగి చూసి, చల్లదనం బాగా కుదిరిందని మెచ్చుకున్నాడు. శేషాచలం మేకకు దండం పెట్టాడు.

అప్పుడే ఆయనకు అంతా చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మీ అత్తయ్యగారు బజారులో కొని వండి ఉంటారండీ."

అత్త అమ్మవారి మీద ఒట్టేసింది, కొనలేదని. ఖాసింను అడిగితే మా ఇంటి నుంచి ఆ రోజు ఎవరూ రాలేదన్నాడు. పల్లెకు కబురు పెడితే ఆ వారం అక్కడ మేకపోతునే కోయలేదన్నారు. ఎండదెబ్బ తగిలిందేమోనని నేనే అనుమానపడ్డాను గాని, ఎండదెబ్బకు వేళ్ళు చలితో కొంకర్లు పోవు.

డాక్టరుకు గది వచ్చింది. ఆ మేక మా పెరట్లో చాలా ఏళ్ళు బతికింది. గోడ మీద మల్లెతీగను ఒక్క ఆకు మిగల్చకుండా తినేది. ఎవరూ అదిలించేవాళ్ళం కాదు.

కుట్టింది ఏమిటో డాక్టరుకు తెలుసు. తిన్నది ఏమిటో నాకు తెలుసు. ఇద్దరిలో ఎవరమూ అబద్ధమాడలేదు. ఆ రోజు నా మాట నిలబడింది. నిలబెట్టింది మాత్రం నేను కాదు.