పెట్టె లేకుండా పడిన గేర్లు

దెయ్యాల వార్తలను అచ్చుకు వెళ్లకుండా ఆపడం నా ఉద్యోగంలో భాగంగా ఉండేది. విలేకరిగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు తిరిగినప్పుడు అలాంటివి చాలా వచ్చాయి. వెళ్లి చూస్తే ప్రతిదాని వెనకా ఒక గబ్బిలమో, తాగుబోతో, స్థలం తగాదానో ఉండేది. దెయ్యాల మీద నమ్మకం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

నా ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత ఆటోమేటిక్ కారు కొన్నాను. ఎస్.కోట అయినా, కోటబొమ్మాళి అయినా ఒక్కడినే వెళ్లొచ్చేవాణ్ని. అది లేకపోతే ఇక జీవితాంతం ఎవరో ఒకరి పక్క సీట్లో కూర్చోవాల్సిందే.

ఒక వేసవిలో అది మొరాయించింది. బయలుదేరినా, పరుగెత్తినా మూడో గేరొక్కటే. ఎత్తు ఎక్కాలంటే ముసలి ఎద్దులా మూలిగేది. గ్యారేజీలో గేర్‌బాక్స్ పోయిందన్నారు. పాత ఇనుముకు ఇచ్చేయమన్నారు.

మా బావమరిది అప్పన్నది చేపల వ్యాపారం. వాడే నన్ను అరసవల్లిలో కార్ల ఎలక్ట్రీషియన్ సింహాచలం దగ్గరకు లాక్కెళ్లాడు. సింహాచలం బ్యాటరీ, ఎర్త్ వైరు, ఫ్యూజులు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి పక్క సీటు కింద కార్పెట్ ఎత్తి ముక్కు మూసుకున్నాడు.

“ఏటి సారూ, కారులో సేపలు పెంచుతున్నారా?”

నేను అప్పన్న వైపు చూశాను. చేపలబుట్ట లేకుండా చుట్టాలింటికి వెళ్లడం వాళ్లింటి మర్యాద కాదు. నా కారు ఎక్కినప్పుడల్లా బుట్ట కాళ్ల దగ్గరే పెట్టుకునేవాడు. ఐసు కరిగి, ఆ ఉప్పునీరు గేర్లను నడిపించే కంప్యూటర్ పెట్టెలోకి దిగింది.

“నాకేటి తెలుసు బావా, దాని మెదడు సీటు కింద ఉంటాదని!”

సింహాచలం పెట్టెను ఊడదీసి షెడ్డు ముందు రేకు మీద ఎండలో పెట్టాడు. “పెట్టి లేకపోతే మూడో గేరొక్కటే పడతాది. దాంట్లో బాగా లాగితే గేర్‌బాక్స్ బాగున్నట్టే. ఓపాలి తోలండి, సూద్దాం.”

ముగ్గురం ఎక్కాం. గేరు చూపించే దీపం వెలగలేదు. అయినా కారు తేలిగ్గా కదిలింది. చప్పుడు పెరిగింది, ఇంజిను వేగం చూపే ముల్లు ఒక్కసారి కిందికి దిగింది. రెండో గేరు పడింది. కాస్త దూరం వెళ్లాక ముల్లు మళ్లీ దిగింది, మూడోది పడింది. బస్సుకు దారిచ్చి నెమ్మదిస్తే గేరు తగ్గింది, తొక్కితే పెరిగింది.

“ఒరే సింహాచలం, పెట్టి ఎండలో కదరా ఉన్నాది?” అన్నాడు అప్పన్న.

“మాటాడకండి బాబూ, దానికి వినపడితే ఆగిపోతాది.”

హైవే దాకా వెళ్లి వచ్చాం. పెట్టె రేకు మీదే ఉంది. ఇంకొకటి ఉందేమోనని సింహాచలం సీట్ల కింద, డాష్‌బోర్డు వెనక వెతికాడు. ఏమీ లేదు. మళ్లీ బయలుదేరాం. ఈసారి మూడో గేరొక్కటే, ఈడ్చుకుంటూ. మొదటిసారి ఫోన్‌లో వీడియో తీయాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

తర్వాత అతను పెట్టె ఆరబెట్టి, తుప్పు పట్టిన పిన్నులు గీకి బిగించాడు. కారు బాగైంది. జబ్బు ఆ తుప్పేనని నేనూ ఒప్పుకుంటాను. మరి పెట్టె లేనప్పుడు గేర్లు మార్చిందెవరు? తెలిసిన ఇంజనీరును అడిగితే, మీ ముగ్గురూ భ్రమపడ్డారన్నాడు. మేం సరే, ముల్లు కూడా భ్రమపడిందా?

ఇప్పటికీ ఎక్కడికైనా ఒక్కడినే వెళ్తున్నాను. పెట్టె తీసి ఇంకోసారి చూద్దామని సింహాచలం కనబడినప్పుడల్లా అడుగుతాడు. నేను ఒప్పుకోను. మూడో గేరొక్కటే పడితే సరే. అన్నీ పడితే, ఆ తర్వాత ఒక్కడినే కారెక్కడానికి ఆలోచించాల్సి వస్తుంది.