అంజమ్మక్క అడిగిన ఉత్తరాది చలి

పక్కింటివాళ్లు కొత్త రజాయి కొని మేడమీద ఎండలో వేశారు. ఆ కొత్త దూది వాసన మా వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చింది. సరిగ్గా అదే సమయానికి టీవీలో ఒక అమ్మాయి, ఉత్తరాదిన ఈసారి చలి మామూలుకంటే కొంచెం తక్కువగా ఉండే అవకాశం ఉందని నవ్వుతూ చెబుతోంది. ఇంకేముంది, అంజమ్మక్క గుర్తొచ్చింది. ఆమె పోయి కొన్నేళ్లయింది. అయినా ఆమెను విసుక్కోకుండా తలచుకోవడం నాకు ఇంతవరకూ చేతకాలేదు.

శంషాబాద్‌లో విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులవి. బెంగళూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో అంజమ్మక్క రజాయిలు కుట్టించేది. మన దగ్గర వాటిని కప్పుకునేదెవరు? సరుకంతా ఢిల్లీలో ఒక సేటుకు వెళ్లేది. ఆయన చలి ముదిరాక గానీ ఫోను చేయడు, చేశాక మాత్రం ఒక్క రోజు ఆగడు. అందుకని దసరా నుంచే కుట్టి పెట్టుకోవాలి. ఎన్ని కుట్టాలో తేల్చుకోవడానికి ఆమెకు ఉత్తరాది చలికాలం ఎలా ఉండబోతోందో ముందే తెలియాలి. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నన్ను పనిలో పెట్టుకున్నది ముఖ్యంగా అందుకే. షెడ్డులో ఒక మూల రేకు అడ్డం పెట్టి, కంప్యూటరు బల్ల వేసి, దాన్ని ఆఫీసు అనేది.

నేను చేరిన రెండో ఏడు, చలి అంచనా రాగానే వచ్చి నా నెత్తిన నిలబడింది.

"చూడు పిల్లా, ఢిల్లీ దిక్కు సలి ఎట్లుంటదట?"

"మామూలు కంటే జర తక్కువ ఉండే అవకాశం ఉందట అక్కా."

"అవకాశం అంటే ఏంది? ఉంటదా, ఉండదా?"

"వాళ్లు గట్లనే చెప్తరు."

"అవకాశాన్ని దూదిల కలిపి కుట్టమంటవా? మల్ల సదువు."

మళ్లీ చదివాను. నేను చదివిన కొద్దీ చలి పెరుగుతుందన్నట్టు ఇంకోసారి చదివించింది. ఢిల్లీలో లేకపోతే సిమ్లా చూడమంది. సిమ్లాలోనూ అంతంతమాత్రమే అంటే, "ఇంకా పైకి పో" అంది. పైన విమానాలు, కింద మిషన్ల చప్పుడు, ఫ్యాను కింద కూడా చెమటలు. ఆ ఉక్కలో కూర్చుని నేను మంచు కోసం దేశమంతా వెతుకుతున్నాను. నాకు తలప్రాణం తోకకొచ్చింది. చివరికి కాశ్మీరులో గట్టి చలి ఉండవచ్చని దొరికింది.

"ఆఁ, గట్ల చెప్పు!" అని ఆమె లేచి బయటికి నడిచింది. కుట్టే ఆడవాళ్లతో గట్టిగా అంటోంది: "మా సుజాత కంప్యూటర్ల చూసింది. ఈసారి ఎముకలు కొరికే సలట. మిషన్లకు నూనె వెయ్యుండ్రి!"

నాకు ఒళ్లు మండిపోయింది. పరుగెత్తుకెళ్లి పక్కకు లాగాను. "నేనెప్పుడు చెప్పిన అక్కా? మన సేటు కాశ్మీర్ల లేడు కదా!"

"సలి యాడ పుట్టినా కిందికి దిగకుండ ఉంటదా? ఇగ పోయి చాయ్ తాగు."

తర్వాత చాయ్ దగ్గర ఆమే చెప్పింది. హోటళ్లవాళ్లూ ఎయిర్‌పోర్టు వాళ్లూ ఊడ్చే పనికీ తుడిచే పనికీ మనుషులను తీసుకుంటున్నారు. ఒక్క నెల మిషన్లు ఆగితే వయసులో ఉన్నవాళ్లు అటు వెళ్లిపోతారు. వాళ్లు పోతే షెడ్డు నడవదు. అప్పుడు మా దగ్గర కుట్టే బాలమణిలాంటి పెద్దవయసు వాళ్లను పిలిచి పని ఇచ్చేవాళ్లుండరు. "ఒక్కపారి చెయ్యి ఆగిందంటే ఇగ అంతే పిల్లా" అంది. ఆ భయం నాకు అర్థమైంది. కానీ దానికి నా పేరు వాడుకోవడమేమిటి?

చలికాలం అంచనా ప్రకారమే గడిచింది. సంక్రాంతి దాటాక సేటు ఫోను చేసి ఇక సరుకు పంపొద్దన్నాడు. రజాయిలు పైకప్పు దాకా పేరుకున్నాయి. లోపలికి పోవాలంటే పక్కకు తిరిగి నడవాలి. ఎవరు నావైపు చూసినా ఏదో అడుగుతున్నట్టే ఉండేది. ఒకరోజు అన్నం తినేటప్పుడు ఇక ఆగలేక బాలమణితో అనేశాను, చలి ఉంటుందని నేను ఎన్నడూ చెప్పలేదని.

ఆమె ముద్ద కలుపుతూనే అంది: "ఎరికే బిడ్డా. నువ్వు సదివేటప్పుడే ఇన్నం. నడుమ ఉన్నది రేకే కదా."

"అందరికీ ఎరికేనా? మరి ఎందుకు కుట్టినరు?"

"నిన్ను కాశ్మీర్ దాకా ఎక్కిచ్చింది ఎవరి కోసం? మమ్ములను ఇంటికి పొమ్మనే మాట ఆమె నోట్లెకెళ్లి రాక. గసొంటి మనిషిని ఇడిసిపెట్టి యాడికి పోతం?"

చెయ్యి కడుక్కున్నాను. వెళ్లి అంజమ్మక్కకు చెప్పాను. కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె మండిపడింది. "ఎరికుండి గూడ నాతోని గిన్ని అబద్ధాలు ఆడిచ్చినరా!" అని చీపురు విసిరికొట్టింది. ఆ పూటంతా బాలమణితో మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం నన్ను మెల్లగా అడిగింది, "రేపు అందరొస్తరంటనా?" అని. వస్తారట అన్నాను. తల ఊపి, విసిరిన చీపురు తెచ్చి మూలన ఆనించింది. ఆమెను అంత నెమ్మదిగా నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

మిగిలిన రజాయిలు ఆ తర్వాతి చలికాలాల్లో కొన్ని కొన్నిగా కదిలాయి. మరుసటి దసరాకు అంజమ్మక్క మళ్లీ వచ్చి నా నెత్తిన నిలబడింది, మళ్లీ సిమ్లా, మళ్లీ ఇంకా పైకి. మనిషి ఏమీ మారలేదు. కానీ ఆమె ఉన్నన్నాళ్లూ షెడ్డు మూతపడలేదు.

ఇప్పుడు కొత్తూరులో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టు విభాగం నేను చూస్తున్నాను. ఆర్డర్లు తగ్గినప్పుడు ముందుగా మిషన్ల దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. చెప్పాక, అయినా సరే రేపు అందరూ రండి, కుడదాం అంటాను. పైవాళ్లతో గొడవ నేను పడతాను. నిజం చెప్పడం అంజమ్మక్క మీద కోపంతో నేర్చుకున్నాను. రమ్మనడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.